ఒక గడి కిందికి జారిన కొలతలు

ఆవిడకు కోపం ఎక్కువని కేంద్రంలో అందరూ అంటారు. అది అబద్ధం కాదు. అసలు ఆవిడకు అక్కడ ఉద్యోగం దొరికిందే కోపం వల్ల.

అది కృత్రిమ కాళ్ళు తయారుచేసే కేంద్రం. ఆవిడ తండ్రి బస్సు డ్రైవరు. డిపోలో చక్రం మారుస్తుండగా జాకీ జారి ఆయన ఎడమకాలు నలిగిపోయింది. మోకాలి కింద జానెడు మిగిల్చి మిగతాది తీసేశారు. కొత్త కాలు పెట్టించుకోవడానికి ఆయన్ని వెంటబెట్టుకుని వచ్చేది కూతురే. అప్పటికి చదువు పూర్తయి ఇంట్లోనే ఉంది. ఒకసారి వచ్చేసరికి ఆయన కొలతల కార్డు కనిపించడం లేదన్నారు. "మళ్ళీ మొదట్నుంచి కొలుద్దాం, కూర్చోండి" అన్నారు తాపీగా. సరిగా మానని కాలి మీద అచ్చు కోసం మళ్ళీ తడి సున్నపుపట్టీలు చుట్టి, అవి ఆరేదాకా కదలకుండా కూర్చోబెట్టాలన్నమాట. తండ్రి సరేనని ప్యాంటు మడవబోతున్నాడు. ఆ పిల్ల మాత్రం కౌంటరు ముందు నిలబడి అరిచిన అరుపుకి వర్క్‌షాపులో యంత్రాలు ఆపి జనం బయటికి వచ్చారు. అప్పట్లో కేంద్రాన్ని నడిపే పెద్దాయన అంతా విని, "అరవడం అయిందా తల్లీ? అయితే రేపు పొద్దున్నే వచ్చి ఆ బీరువాలు నువ్వే సర్దు" అన్నాడు.

సర్దడానికి వచ్చిన మనిషి ఇరవై ఏళ్ళకు పైగా అక్కడే ఉండిపోయింది.

అట్టకార్డుల మీద ఉన్న కొలతలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించింది ఆవిడే. సాయంత్రం తరగతులకు వెళ్ళి డేటాబేస్ పని నేర్చుకుంది. కొన్నాళ్ళకు ఆ బాధ్యత మొత్తం ఆవిడకే వచ్చింది. మొండికాలికి మోకాలి కింద నుంచి కొస దాకా, వేలెడు దూరానికి ఒకటి చొప్పున చుట్టుకొలతలు తీసుకుంటారు. ఆ అంకెల్ని బట్టి ఒక యంత్రం నురగదిమ్మను చెక్కి అచ్చు చేస్తుంది. ఆ అచ్చు మీద, కాలు ఇమిడే తొడుగు పోస్తారు. దాన్ని సాకెట్ అంటారు. అంకె తప్పితే అచ్చు తప్పుతుంది, అచ్చు తప్పితే ఒంటి మీద చర్మం లేస్తుంది.

అందుకే బ్యాకప్ సెట్టింగులు రాసేటప్పుడు, సంబంధం చూసేవాళ్ళు ఏడు తరాలు ఆరా తీసినట్టు, అన్ని వైపుల నుంచీ ఆలోచించింది. రోజూ డేటాబేస్‌కు ఒక కాపీ తీయాలి. ప్రతి కాపీనీ తొంభై రోజులు ఉంచాలి. నెలాఖరు కాపీని వేరే డిస్కు మీదికి ఎక్కించి భవనం బయట దాచాలి. నెలకోసారి ఒక కాపీని విడిగా ఉంచిన కంప్యూటర్లో తెరిచి, కొలతలన్నీ సరిగ్గా తిరిగి వస్తున్నాయో లేదో చూడాలి. తొంభై రోజులు ఎందుకంటే, కొత్త సాకెట్ తొడుక్కున్న మనిషి ఇది నప్పలేదని తిరిగి రావడానికి ఒక్కోసారి రెండు నెలలు పడుతుంది. తప్పు బయటపడేదాకా మంచి కాపీ బతికి ఉండాలి. ఆవిడ లెక్క అది.

"కాపీ ఉంది కదా అని గుండె మీద చెయ్యేసుకుని పడుకోకూడదు. తిరిగి తెచ్చి చూసుకున్నదే కాపీ, మిగతావన్నీ నమ్మకాలు" అనేది. ఆవిడ భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఆ మాట విని తలూపేవాడు. "మా బ్రేకులూ అంతే. పట్టుకుంటుందిలే అనుకోవడం వేరు, వదిలి చూడటం వేరు" అనేవాడు. పెళ్ళయ్యాక వాళ్ళిద్దరూ ఒక విషయం మీద మొదటిసారి ఏకీభవించింది అప్పుడేనట.

పెద్దాయన పోయాక డైరెక్టరు వచ్చాడు. మెత్తటి మనిషి, గొంతు లేవదు. ఎవరేమడిగినా "తప్పకుండా" అంటాడు. "ఆయన తప్పకుండా అన్నాడంటే ఆ పని తప్పిపోయినట్టే" అని వర్క్‌షాపు మేస్త్రి ముందే చెప్పాడు. మేస్త్రి అంటే సాకెట్లు పోసేవాళ్ళందరికీ పెద్ద. జుట్టు నిండా ఎప్పుడూ సున్నమే, ఎంత వయసో ఎవరికీ తెలియదు.

డైరెక్టరుకు కంప్యూటర్ తెర మీద పచ్చచుక్క కనిపిస్తే చాలు. బ్యాకప్ అయిందా? పచ్చచుక్క వెలిగింది, అయినట్టే. ఏది కాపీ అయింది, ఎన్నాళ్ళు ఉంటుంది, అడిగితే తిరిగి వస్తుందా, ఇవేవీ ఆయనకు పట్టవు. వచ్చిన ఏడాదే కాగితం లేని కార్యాలయం అంటూ పాత అట్టకార్డులన్నీ లారీకి ఎత్తించాడు. ఆవిడ అడ్డం పడితే, "మీ డేటాబేస్ మీద మీకే నమ్మకం లేదా మేడమ్?" అన్నాడు నవ్వుతూ. పక్కన ఉన్నవాళ్ళూ నవ్వారు. ఆ నవ్వు గుర్తొస్తే ఆవిడకు ఇప్పటికీ పళ్ళు పటపటలాడతాయి.

పిత్తాశయంలో రాళ్ళు తీయించుకుని ఆవిడ కొన్నాళ్ళు సెలవులో ఉంది. తిరిగి వచ్చిన రోజు రిసెప్షన్‌లో పెద్ద తెర మీద వీడియో ఆడుతోంది. కొత్త కాళ్ళతో జనం తోటలో నడుస్తున్నారు, వెనక వేణువు. దాన్ని నడిపిస్తున్న కంప్యూటర్ని చూడగానే గుర్తుపట్టింది. అది ఆవిడ కాపీలు తెరిచి చూసుకునే కంప్యూటరే. కుట్లు ఇంకా లాగుతున్నా మెట్లెక్కి పైకి వెళ్ళింది.

"సార్, కింద వీడియో ఆడిస్తున్నది నా పరీక్షల కంప్యూటరు."

"ఆ, అదా! ఊరికే ఖాళీగా పడి ఉంటోంది కదా మేడమ్."

"ఖాళీగా ఉండటమే దాని పని. నిప్పంటుకునేదాకా ఫైరింజనూ ఖాళీగానే ఉంటుంది. అలాగని దాంట్లో కూరగాయలు తోలుకుంటామా?"

"తాత్కాలికమేనండీ. తప్పకుండా ఇచ్చేద్దాం. మీ ఆరోగ్యం ఎలా ఉంది?"

ఆరోగ్యం గురించి అడిగినవాడి మీద ఎలా అరుస్తాం? కిందికి దిగి తన సీట్లో కూర్చుని సెట్టింగులు తెరిచింది. కాపీలు ఎన్నాళ్ళు ఉంచాలి అన్నచోట తొంభై లేదు, ఏడు ఉంది. నెలాఖరు డిస్కు నిండా వీడియోలే. నెలవారీ పరీక్ష ఆపేసి ఉంది. వీటన్నిటి కింద పచ్చచుక్క నిక్షేపంగా వెలుగుతోంది.

మళ్ళీ మెట్లెక్కింది.

"సర్వర్లో చోటు చాలడం లేదంటే తగ్గించమన్నాను" అన్నాడు డైరెక్టరు. "వారం చాలదా? నిన్నటి కాపీ ఉండగా మొన్నటిదెందుకు?"

"నిన్నటిదే చెడిపోయి ఉంటే?"

"చెడితే తెలుస్తుంది కదండీ."

"తెలియకపోతే?"

"మీరు ప్రతిదానికీ కీడే ఎంచుతారు."

"కీడెంచి మేలెంచమన్నారు సార్. నాకు జీతం ఇచ్చేదే కీడెంచడానికి!"

ఆ సాయంత్రమే ఏడు తీసేసి తొంభై పెట్టింది. మర్నాడు పొద్దున మిగతా సెట్టింగులు మార్చబోతే ఆవిడ పాస్‌వర్డు పనిచేయలేదు. అధికారాలు క్రమబద్ధం చేశామని పైనుంచి కబురు వచ్చింది. ఇకపై ఆవిడ సెట్టింగుల్ని చూడొచ్చు, ముట్టుకోకూడదు. అంకె మళ్ళీ ఏడుకు దిగింది.

ఆ తర్వాత జరిగిన ప్రతి సమావేశంలోనూ లేచి అదే మాట అడిగింది. మిగతావాళ్ళు టీ కప్పుల్లోకి చూస్తూ కూర్చునేవాళ్ళు. ఇంట్లో గిన్నెలు గట్టిగా మోగడం మొదలైంది. ఒకరోజు రిసెప్షన్‌లో ఆ వేణువు విని ఒళ్ళు మండి, "ఆపవమ్మా ఆ గోల! చెవులున్నాయా నీకు?" అని అక్కడ కూర్చునే అమ్మాయి మీద విరుచుకుపడింది. ఆ అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే కదా అని ఆవిడకే సిగ్గేసింది. మర్నాడు వెళ్ళి, "నిన్న నిన్ను కాదు అనాల్సింది" అంది. "తెలుసు మేడమ్. అయినా బాధేసింది" అంది ఆ అమ్మాయి. అక్కడితో సర్దుకున్నారు.

కొన్నాళ్ళకు కొలతల సాఫ్ట్‌వేరుకు కొత్త వెర్షన్ వచ్చింది. అమ్మినవాళ్ళ మనుషులే వచ్చి ఎక్కించి, అంతా బాగుందని వెళ్ళిపోయారు. ఆ ఎక్కించడంలో పాత రికార్డుల కొలతలన్నీ ఒక గడి కిందికి జారాయి. మోకాలి కింది కొలత రెండుసార్లు పడింది. రెండోది మూడో గడిలోకి, మూడోది నాలుగో గడిలోకి దిగాయి. అట్టడుగున ఉండాల్సిన కొస కొలత గడి దొరక్క పోయింది. ఏ అంకె చూసినా నిజమైన కాలి అంకెలాగే ఉంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. మొండికాలు కిందికి వెళ్ళేకొద్దీ సన్నబడుతుంది. పై కొలత కిందికి వస్తే సాకెట్ వదులవుతుంది. మనిషి అడుగేసినప్పుడల్లా కాలు లోపలికి దిగి, ఒంటి బరువంతా కొస మీద పడుతుంది.

ఫోన్లు రావడం మొదలైంది. కాలు వదులుగా ఉందని ఒకరు, లోపల గుచ్చుకుంటోందని ఒకరు. "మొండికాలు కాలం గడిచేకొద్దీ సన్నబడుతుంది, అది సహజమని చెప్పు" అని డైరెక్టరు రిసెప్షన్ అమ్మాయికి నేర్పాడు. అందులో నిజం లేకపోలేదు, అందుకే అందరూ నమ్మారు. మేస్త్రి వచ్చినవాళ్ళకు సాకెట్లో మెత్తలు అంటించి పంపేవాడు. ఒకరిద్దరి కొలతలు చేత్తోనే దిద్దాడు కూడా.

ఆవిడ తండ్రి కూతురి దగ్గరే ఉంటాడు. ఆయన పాత సాకెట్ పగిలితే కొత్తది ఇచ్చారు. నాలుగు రోజులకే నడకలో తేడా వచ్చింది. "ఏంటి నాన్నా, కుంటుతున్నావు?" అని అడిగితే, "ఒంటికాలివాణ్ణి కుంటక నాట్యం చేస్తానా?" అన్నాడు. ఇంకోసారి అడిగితే, "కొత్త చెప్పు కరవదా, ఇదీ అంతే" అన్నాడు. మనిషి ఎప్పుడూ అంతే కాబట్టి ఆవిడా వదిలేసింది.

ఆ ఇంట్లో బట్టలు ఉతికేది ఆవిడ భర్త. ఆదివారం సాయంత్రం బకెట్ ముందు కూర్చున్నవాడు లేచి వంటింటి గుమ్మం దాకా వచ్చాడు.

"ఒకసారి ఇలా రా. మామయ్య మేజోళ్ళు చూడు."

బకెట్ అడుగున, దుప్పటి కింద దాచినట్టుగా, మొండికాలికి తొడుక్కునే మందపాటి మేజోళ్ళు ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి మూడేసి తొడిగినట్టు తెలుస్తోంది. లోపలివాటి కొసన రక్తం ఎండి అట్టకట్టింది.

ఆవిడ తండ్రి గదిలోకి వెళ్ళి, "కాలు తియ్యి" అంది.

"ఇప్పుడెందుకమ్మలూ?"

"తియ్యమన్నానా!"

తీశాడు. కొసన రూపాయి బిళ్ళంత మేర చర్మం లేదు.

"ఎన్నాళ్ళ నుంచి నాన్నా?"

"తగ్గుతుందిలే."

"నాకెందుకు చెప్పలేదు? నేను అక్కడే కదా పనిచేసి చస్తున్నది!"

"అందుకే చెప్పలేదు. చెబితే వెళ్ళి పోట్లాడతావు. ఇప్పటికే అక్కడ నీకు పలికేవాళ్ళు తక్కువ. నా ఒక్క కాలి కోసం నీ రెండు కాళ్ళూ విరగ్గొట్టుకుంటావా?"

ఆవిడ కుట్టుపెట్టెలోంచి టేపు తెచ్చింది. భర్త లైటు పట్టుకున్నాడు. వేలెడు దూరానికి ఒకటి చొప్పున, పైనుంచి కిందికి, కొస దాకా కొలిచింది. పుండు దగ్గర ఆయన ఊపిరి బిగబట్టాడు.

మర్నాడు పొద్దున్నే ఆఫీసుకు వెళ్ళి ఆయన రికార్డు పక్కన ఆ కొలతలు పెట్టుకుంది. రెండో గడి నుంచి ప్రతి అంకే పై గడిలో ఉండాల్సింది. కొస కొలత తెరమీద ఎక్కడా లేదు. ఇంకో రికార్డు తీసింది. మొదటి రెండు గడుల్లో ఒకే అంకె. ఇంకోటి. అక్కడా అంతే. చిన్నపిల్లలవీ పెద్దవాళ్ళవీ, ఆడవాళ్ళవీ మగవాళ్ళవీ, తీసిన ప్రతి పాత రికార్డులోనూ మొదటి రెండు అంకెలు కవల పిల్లల్లా ఉన్నాయి. పాత కాపీల జాబితా తెరిచింది. ఏడున్నాయి. ఏడింటినీ వరుసగా తెరిచి చూసింది. ఏడింటిలోనూ జారిన కొలతలే. కొత్త వెర్షన్ వచ్చి అప్పటికి ఏడో వారం.

తొంభైని తొంభైగా ఉండనిచ్చి ఉంటే, ఆ ముందు రోజు కాపీ ఇంకా అక్కడే ఉండేది. తెచ్చి పెట్టుకుంటే మధ్యాహ్నం భోజనానికి ముందే పని అయిపోయేది.

డైరెక్టరు గది తలుపు ఆవిడ తట్టలేదు, తోసింది. చెప్పాల్సింది చెప్పింది. ఆయన విని కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"అయితే పాత కాపీ ఎక్కించేయండి."

"ఏ పాత కాపీ సార్?"

"రోజూ బ్యాకప్ అవుతోంది కదా. నేను పొద్దున కూడా చూశాను, పచ్చగా ఉంది."

"అవుతోంది. తప్పుడు కొలతల్ని రోజూ శ్రద్ధగా కాపీ తీస్తున్నాం. కుళ్ళిన పండుకి రోజూ కొత్త కాగితం చుడుతున్నాం. మంచివి ఎప్పుడో చెరిగిపోయాయి. వారం చాలదా అన్నారు కదా, ఇదిగో, చాలలేదు!"

"కిందికి జారినవి పైకి జరిపితే సరిపోదా?"

"జరుపుతాను. కొస కొలత ఎక్కణ్ణుంచి తేను? అది తప్పితే మనిషి బరువంతా పడేది అక్కడే. మధ్యలో మేస్త్రి దిద్దినవేవో దిద్దనివేవో ఎవరికి తెలుసు? అందర్నీ పిలిచి మళ్ళీ కొలవాలి. అప్పటిదాకా చెక్కే యంత్రం ఆపాలి."

"రేపు దాతలు వస్తున్నారు. యంత్రం ఆపడం కుదరదు. ముందు మీరు ఒక పని చేయండి. సాంకేతిక లోపం వల్ల ఇలా జరిగిందని వివరణ రాసివ్వండి."

"సాంకేతికానికి నోరు లేదని దాని నెత్తిన రుద్దుతారా? తొంభై చెరిపి ఏడు రాసింది లోపం కాదు సార్, వేలు!"

"గొంతు తగ్గించి మాట్లాడండి."

"నేనెందుకు తగ్గించాలి? మా నాన్న కాలు చూసి, కనీసం అప్పుడైనా మీరు పెంచండి!"

టేబుల్ మీద గట్టిగా చరిచింది. నీళ్ళ గ్లాసు దొర్లి కిందపడి పగిలింది. ఆవిడ దాని వంక చూడకుండా వర్క్‌షాపుకు దిగింది. యంత్రం ఎవరిదో కాలికి నురగదిమ్మ చెక్కుతోంది.

"అన్నా, ఆపు దాన్ని."

"పైనుంచి చెప్పాలమ్మా" అన్నాడు మేస్త్రి.

ఆవిడ గోడ దగ్గర ప్లగ్గు పీకింది. యంత్రం వెనక్కి వెళ్ళి కరెంటు తీగను అటువైపు నుంచి కూడా ఊడదీసి, చుట్టచుట్టి, హ్యాండుబ్యాగులో కుక్కుకుంది. జిప్పు పడలేదు. అలాగే భుజాన వేసుకుంది. మేస్త్రి పైకప్పు వైపు చూస్తూ, "నేనేం చూడలేదు. కళ్ళలో సున్నం పడింది" అన్నాడు.

మర్నాడు దాతలు వచ్చేసరికి యంత్రం మూగబోయి ఉంది. నిర్వహణ పనులు జరుగుతున్నాయని డైరెక్టరు చెప్పబోతుంటే మేస్త్రి మధ్యలోకి వచ్చి, "కొలతలు తప్పిపోయాయండీ, అందుకని ఆపాం" అన్నాడు. ఏదో యంత్రం రంగు గురించి చెప్పినంత మామూలుగా చెప్పాడు. వారం తిరక్కుండా పాలకవర్గం సమావేశం పెట్టి అందర్నీ పిలిచింది. ఆవిడ అక్కడా గట్టిగానే మాట్లాడింది. ఆవిడ అరుపుకు అలవాటు పడ్డవాళ్ళు మళ్ళీ కప్పుల్లోకే చూశారు. అప్పుడు రిసెప్షన్ అమ్మాయి లేచింది. "ఫోన్ చేసినవాళ్ళందరికీ సహజం అని చెప్పమన్నారు. చెప్పాను. ఒకాయన ఏడ్చాడు. అయినా సహజమనే చెప్పాను. నాకు రోజూ తిండి సహించడం లేదు" అంది.

అందర్నీ వెనక్కి పిలవాలని నిర్ణయించారు. డైరెక్టరుకు ఏమైంది అంటే, ఏమీ కాలేదు. ప్రధాన కార్యాలయానికి బదిలీ చేశారు, అక్కడ ఇంతకన్నా పెద్ద గది. ఆవిడకు మాత్రం సంస్థ సొత్తు ఇంటికి పట్టుకెళ్ళినందుకూ, పై అధికారితో అమర్యాదగా ప్రవర్తించినందుకూ హెచ్చరిక పత్రం ఇచ్చారు. "చూశావా న్యాయం! కాళ్ళు కోసినవాడికి కుర్చీ, ప్లగ్గు పీకినదానికి శిక్ష!" అని ఇంట్లో గోడలు అదిరేలా అరిచింది. భర్త అన్నం వడ్డించాడు. ఆయనకు తెలిసిన బ్రేకు అదొక్కటే.

తండ్రి కాలు మానడానికి చాలాకాలం పట్టింది. మేస్త్రి దగ్గరుండి పోసిన కొత్త సాకెట్‌తో ఇప్పుడు ఆయన వీధి చివర దాకా వెళ్ళి పేపరు తెచ్చుకుంటున్నాడు.

సెట్టింగులు మళ్ళీ ఆవిడ చేతికే వచ్చాయి, ముట్టుకోవడానికి ఇంకెవరూ సాహసించలేదు కాబట్టి. ఈసారి వేరేగా రాసింది. ఇదివరకు డిస్కు కాలిపోతే, కరెంటు పోతే, యంత్రం చెడితే ఏం చేయాలని ఆలోచించింది. మెత్తగా మాట్లాడుతూ పాడుచేసే మనిషి గురించి ఆలోచించలేదు. ఇప్పుడు తొంభైని ఎవరైనా తగ్గించాలంటే ఇద్దరు ఒప్పుకోవాలి, అందులో ఒకరు వర్క్‌షాపు మనిషి అయి ఉండాలి. ఒప్పుకున్నా వెంటనే ఏదీ చెరిగిపోదు. నెలపాటు ప్రతి పొద్దునా అందరి తెరల మీదా ఒక మాట వస్తుంది: ఈ తేదీ దాటితే పాత కొలతలు ఇక తిరిగి రావు, దీనికి ఒప్పుకున్నవాళ్ళు వీళ్ళు, అని పేర్లతో సహా.

కొత్త డైరెక్టరు అది చూసి, "పేర్లెందుకండీ?" అని అడిగాడు.

"సిగ్గుపడటానికి" అంది.

పచ్చచుక్క తీసేసింది. దాని చోట, చివరిసారి కాపీని తిరిగి తెచ్చి చూసింది ఎప్పుడు, చూసింది ఎవరు అన్నవి కనిపిస్తాయి. ఆ చూసే పని ఆవిడ చేయదు, మేస్త్రికి అప్పగించింది. కంప్యూటరంటే ఆయనకు ఒళ్ళుమంట. నెలకోసారి తిట్టుకుంటూ వచ్చి, తిరిగి తెచ్చిన కాపీలోంచి తనకు తోచిన ఒక పేరు ఎంచుకుంటాడు. ఆ మనిషి కేంద్రానికి వచ్చినప్పుడు టేపుతో కొలిచి సరిచూస్తాడు.

వెనక్కి పిలిచే ఫోన్లు చాలావరకు ఆవిడే చేసింది. తిట్టినవాళ్ళ తిట్లు తిన్నది. ఎప్పుడూ తనే అరవడం తెలిసిన మనిషికి అరుపులు వినడం కొత్త. చాలామంది వచ్చి కొలిపించుకున్నారు. వెల్డింగు పనిచేసే ఒకాయన మాత్రం ఎన్నిసార్లు చేసినా ఫోన్ పెట్టేశాడు. ఆవిడే టేపు తీసుకుని ఆయన షాపుకు వెళ్ళింది. ఇనుప తలుపుల మధ్య, స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన రెండు చంకకర్రలు. మోకాలు కూడా లేదిప్పుడు. పుండు ముదిరి పైదాకా తీసేయాల్సి వచ్చింది.

"క్షమాపణ చెప్పడానికి వచ్చారా?" అన్నాడు.

"కొలతకి వచ్చాను."

"ఏం కొలుస్తారు? మీరు పోగొట్టిన కొలతకి కాలే లేదు."

ఆవిడ టేపును పిడికిట్లో దాచుకుంది.

"మూడుసార్లు ఫోన్ చేశాను. సహజం అన్నారు. నా కాలు నాకు తెలియదా? మీరు బాగా అరుస్తారని విన్నాను. మీ నాన్న కాలికి పుండైతే మేడ దద్దరిల్లిందట. మరి నాకైనప్పుడు ఎందుకు అరవలేదు?"

ఆ ఫోన్ల సంగతి తనదాకా రాలేదని చెప్పొచ్చు. అది నిజమే. కానీ కొందరికి వదులుగా ఉందన్న మాట వర్క్‌షాపు గుమ్మంలో తన చెవిన కూడా పడింది. పడినా, తండ్రి మేజోళ్ళు చూసేదాకా టేపు చేతికి తీసుకోలేదు. వెల్డరు హెల్మెట్ మొహం మీదికి దించుకుని నిప్పురవ్వలు లేపడం మొదలుపెట్టాడు. ఆవిడ తిరిగి వచ్చేసింది. ఆయన వేరేచోట కాలు పెట్టించుకున్నాడని తర్వాత తెలిసింది. ఈ కేంద్రం గుమ్మం మళ్ళీ తొక్కలేదు.

ఆ రోజు ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడలేదు. అరవనూ లేదు. భర్తకు భయమేసి రెండుసార్లు ఒళ్ళు పట్టి చూశాడు, జ్వరమేమోనని.

మర్నాడు సెట్టింగుల్లో ఇంకొకటి చేర్చింది. రిసెప్షన్‌లో ఆ అమ్మాయి ముందుండే తెరమీద ఒక మీట పెట్టింది. ఫోన్లలో ఒకే రకం ఫిర్యాదు మళ్ళీ మళ్ళీ వస్తుంటే ఆ అమ్మాయి అది నొక్కొచ్చు, ఎవర్నీ అడగక్కర్లేదు. నొక్కిందంటే, కారణం తేలేదాకా పాత కాపీల్లో ఒక్కటి కూడా చెరగదు. ఫిర్యాదులన్నీ నేరుగా ఆవిడకూ మేస్త్రికీ వస్తాయి. "నేనా మేడమ్? నాకేం తెలుసని?" అంది ఆ అమ్మాయి. "ఫోన్ ఎత్తేది నువ్వు. ముందు తెలిసేది నీకే" అంది ఆవిడ.

వానాకాలంలో ఒకసారి ఆ అమ్మాయి మీట నొక్కింది. కాళ్ళ దగ్గర దురదలని వరుసగా ఫోన్లు వచ్చాయి. కాపీలు చెరగడం ఆగి, సర్వర్లో చోటు నిండుకుని, పై గదిలో ఏ ఫైలూ తెరుచుకోలేదు. కొత్త డైరెక్టరు విసురుగా మెట్లు దిగి వచ్చాడు.

"ఎవరు ఆపారు దీన్ని? ఇప్పుడే తీయించండి."

డేటాబేస్ గదిలో ఆవిడ కుర్చీలోంచి సగం లేచింది. ఈలోపు రిసెప్షన్ నుంచి గొంతు వినిపించింది.

"నేనేనండీ ఆపింది. కారణం తేలేదాకా తియ్యను. మీకు అంత తొందరగా ఉంటే, ఇదిగో ఫోను, దురదగా ఉందన్నవాళ్ళతో మీరే మాట్లాడండి."

ఆయన ఫోన్ ముట్టుకోకుండానే మెట్లెక్కి పైకి వెళ్ళిపోయాడు. రెండురోజులకు కారణం తేలింది. కొత్తగా తెప్పించిన మేజోళ్ళ రంగు చర్మానికి పడలేదు, కొలతల్లో తప్పేమీ లేదు. ఆ మేజోళ్ళ పెట్టెలన్నీ అమ్మినవాడికి తిప్పి పంపమని ఆవిడా మేస్త్రీ కొత్త డైరెక్టరు వెంటపడి ఆయన్ని ఒప్పించారు. ఆ తర్వాతే ఆ అమ్మాయి మీట తీసింది.